ముందు పళ్ళెం

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒక శనివారం సాయంత్రం నేను బాతు మాంసం తిన్నాను.

మా ఇంట్లో శనివారం కోడిగుడ్డు కూడా లోపలికి రాదు. నీచు వండే గిన్నెల్ని అమ్మ శుక్రవారమే తోమించి పెరట్లో బోర్లిస్తుంది. ఆ ఇంటి పిల్లనై ఉండి తిన్నాను. తిని ఇంటికొచ్చి, చేతికున్న వాసన పోతుందని మళ్ళీ చెయ్యి కడుక్కోకుండా పడుకున్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్న నేను ఆ రోజు పేజీలో "చలి బాగా ఉంది" అని మాత్రం రాసి ఊరుకున్నాను. భయపడి రాయలేదనుకుంటే పొరపాటు. రాస్తే అది తినకూడని రోజున తిన్న సంగతిగా మిగిలిపోతుందనిపించింది. నా వరకూ అది నా కోసం ఒకరు కుర్చీ లాగిన సంగతి.

పోయిన ఆదివారం మా అన్నయ్య వాళ్ళింటికని నరసరావుపేటలో రొంపిచెర్ల బస్సెక్కాను. ఊరు దాటి కొంతదూరం పోయాక బస్సు ఆగింది. కోతలైన మళ్ళలోంచి బాతులు రోడ్డుకడ్డంగా దాటుతున్నాయి. డ్రైవరు హారన్ కొడితే అవి తలలెత్తి బస్సును ఒకసారి చూసి, మళ్ళీ తమ దారిన తాము నడిచాయి. వాటిని కాసే మనిషి పొడుగాటి కర్ర రోడ్డుకడ్డం పెట్టి, ఇంకొంచెం ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. బస్సంతా నవ్వుతోంది. నా పక్కన కూర్చున్నావిడ ఒకప్పుడు మా కాలనీలో ఉన్న వర్క్ ఇన్‌స్పెక్టరు గారి భార్య. ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏమే, వీటిని చూస్తే బంగళా పెద్దమ్మ గుర్తు రాలా నీకు?"

వచ్చిందన్నాను.

"పోయిందంట గదే పాపం. సత్తెనపల్లిలో. క్రిస్మస్‌కి ముందే పోయిందంట. మాకు నిన్నగాక మొన్న తెలిసింది."

బాతులన్నీ దాటిపోయాయి. బస్సు కదిలింది. ఆవిడ వేరుశనక్కాయల పొట్లం విప్పి నా చేతిలోనూ కొన్ని పోసింది. నేను వాటిని పట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. రొంపిచెర్లలో దిగేటప్పటికి అవి అలాగే నా గుప్పిట్లో ఉన్నాయి.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. గురజాల దాటాక సాగర్ కుడి కాలవ గట్టు మీద మా నాన్న పనిచేసే ఇరిగేషన్ డిపార్ట్‌మెంటు కాలనీ ఉండేది. క్వార్టర్లకు ఎడంగా, ఆఫీసర్లొస్తే దిగే పాత బంగళా ఒకటి. దాని వంటమనిషి ఆమె. భర్త ఆ బంగళాకే వాచ్‌మన్. అతను పోయాక ఎవరూ ఉండమనలేదు, ఎవరూ పొమ్మననూ లేదు. వంటింటి వెనకున్న గదిలోనే ఉండిపోయింది. పిల్లల్లేరు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి నడిచి వెళ్ళేది, నడిచి వచ్చేది. మిగతా రోజుల్లో, ఆఫీసర్లెవరూ రాకపోయినా, భోజనాల గదిలో బల్ల తుడిచి కుర్చీలు సర్దేది. బంగళా నెలల తరబడి ఖాళీగా ఉండేది. ఆ బల్ల మీద మాత్రం దుమ్ము చూసిన గుర్తు లేదు నాకు.

నేను అక్కడికి పోయింది పుస్తకాల కోసం. హాల్లో ఒక అద్దాల బీరువా ఉండేది. వచ్చిన ఆఫీసర్లు, వాళ్ళ భార్యలు వదిలేసిపోయిన వారపత్రికలు, నవలలు, అట్టల్లేని ఇంగ్లీషు పుస్తకాలు అందులో కుక్కి ఉండేవి. తాళం అడగటానికి నాకు నోరు రాక, రెండు మూడు సాయంత్రాలు వరండా చివర నిలబడి తిరిగొచ్చేశాను. ఆమె చూస్తూనే ఉందట. ఒకనాడు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, "అడగలేనిదానివి తీసుకుపోవటమన్నా నేర్చుకోవాల తల్లీ" అంది. అప్పట్నుంచీ వరండాలో నేను చదువుతూ, వంటింట్లో ఆమె ఏదో ఒకటి చేస్తూ, మాట్లాడుకోకుండా ఒకే చూరు కింద చాలా సాయంత్రాలు గడిపాం. మాట్లాడకపోయినా పరవాలేదనిపించిన మనిషి నాకు ఆమె ఒక్కతే.

ఆమెను తలుచుకుంటే ముందు ఆమె వేళ్ళు గుర్తొస్తాయి. బంగళాలోని పింగాణీ పళ్ళేలన్నిటికీ ఎక్కడో ఒకచోట అంచు లేచిపోయి ఉండేది. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టాక ఒక్క క్షణం ఆగి, మునివేళ్ళతో దాన్ని మెల్లగా తిప్పేది. పగిలిన అంచు తాను నిలబడిన వైపుకు వచ్చాక అప్పుడు చెయ్యి తీసేది. ఎదురుగా ఎవరూ లేకపోయినా, ఉత్త పళ్ళేలు సర్దేటప్పుడు కూడా అలాగే తిప్పేది.

మెచ్చుకుంటే నచ్చేది కాదు ఆమెకు. మా అమ్మ ఒకసారి ఆమె పంపిన గోంగూర పచ్చడి బాగుందని కబురు చేస్తే, మొహం అదోలా పెట్టింది.

"బాగుందంటే ఏంది? బాగలేదని చెప్పటానికి మొగమాటపడ్డోళ్ళు అనే మాట అది. ఇంకొంచెం పెట్టమన్నోళ్ళనే నేను నమ్మేది."

మరి తన వంట తానెప్పుడైనా మెచ్చుకుందా అంటే, తినగా చూస్తే గదా. ఆఫీసర్ల కోసం ఎంత వండినా తాను మాత్రం పొయ్యి పక్కన నిలబడి, చల్లన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని ముగించేది. నేనూ అంతే. ఇంట్లో నాన్నకూ అన్నయ్యలకూ వడ్డించి, నానమ్మకు పెట్టి, అమ్మ తిన్నాక, చేతిలో పుస్తకంతో వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి తినేదాన్ని. ఎవరో బలవంతం చేసి కాదు, అలా అలవాటైపోయింది. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు. ఎలా కనిపెట్టిందో తెలియదు.

ఆమెకొక పిచ్చి ఉండేది. దాన్ని "ముందు పళ్ళెం" అనేది. అన్నం వడ్డించటానికి ముందు, చిన్న పళ్ళెంలో కాస్తంత ఏదో ఒకటి, అందంగా పేర్చి పెట్టాలని. ఆనకట్ట కట్టే రోజుల్లో, కొత్తగా పెళ్ళయి వచ్చినప్పుడు, సాగర్‌లో గెస్ట్‌హౌసు వంటింట్లో అంట్లు తోమే పని చేసిందట. అక్కడ ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో దిగేవారట. మద్రాసు నుంచి వచ్చిన పెద్ద వంటవాడు వాళ్ళ కోసం బాతును పొగబెట్టి, పల్చగా కోసి, కమలాపండు తొనలతో కలిపి పళ్ళెంలో పూవులాగా సర్ది పంపేవాడట.

"ఎట్టుండేది పెద్దమ్మా?" అని అడిగాను ఒకసారి.

"నాకేం తెలుసు? రుచి చూళ్ళా. పళ్ళేలు ఎప్పుడూ ఖాళీగానే తిరిగొచ్చేయి."

ఆ మాట అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా వైపు జనానికి ముందు పళ్ళెం అంటే ఏమిటో ఎక్కలేదు. ఒకసారి ఇద్దరు కాంట్రాక్టర్లు బంగళాలో భోజనానికి దిగితే, దోసకాయ ముక్కల మీద నిమ్మరసం పిండి, వేయించిన వేరుశనగపప్పు చల్లి ముందు పళ్ళెం పెట్టింది. వాళ్ళు దాన్ని చూస్తూ కూర్చున్నారు. ఆమె తలుపు చాటున నిలబడి వాళ్ళను చూస్తూ ఉంది. కొంతసేపయ్యాక ఒకాయన కేకేశాడు.

"ఏమ్మా, అన్నం ఏది? ఇది దేంట్లో నంజుకోవాల?"

"నంజుకోటానికి కాదు బాబూ. ఉత్తిదే తినాల. నాలికను నిద్ర లేపటానికి."

"మా నాలికలు పొద్దుననగా లేచినయ్యిలేమ్మా. ముందు అన్నం తీసుకురా."

అన్నం వచ్చాక రెండో ఆయన ఆ దోసకాయ ముక్కల్ని పప్పన్నంలో కలుపుకున్నాడు. ఇంకొంచెం ఉంటే వెయ్యమన్నాడు కూడా. ఆమె దాన్ని లెక్కలో వేసుకోలేదు. "కలిపేసుకున్నాడు, ఏం లాభం?" అని రెండు రోజులు గొణుక్కుంది.

నాకు డిగ్రీ పరీక్షలైపోయిన ఏడాది, చలికాలం మొదట్లో, మా నాన్న అన్నం తింటూ ఒక కబురు చెప్పాడు. కొత్తగా వచ్చిన పెద్ద ఇంజనీరు బంగళా చూడటానికి వస్తున్నాడు. వంటిల్లు ఎత్తేసి, ఆఫీసర్లొస్తే ఊళ్ళో హోటల్ నుంచి క్యారియర్లు తెప్పించాలనే ఆలోచన ఉంది. వంటిల్లు ఎత్తేస్తే దాని వెనక గది సిమెంటు బస్తాలకు వాడుకుంటారు.

"మరి పెద్దమ్మ ఎక్కడికి పోద్ది?" అంది అమ్మ.

"సత్తెనపల్లిలో చెల్లెలి కూతురుంది గదా. ఆయన ఒకపూట ఇక్కడే తింటాడు. ఆ భోజనం నచ్చితే ఉంచినా ఉంచుతాడు. అంతా ఆమె చేతిలోనే ఉంది."

మర్నాడే అమ్మ బంగళాకు పోయి సలహా చెప్పింది. "కోడిపులుసు, గారెలు చెయ్యక్కా. మగాళ్ళు ఇంక మాట్టాడరు."

"కోడిపులుసు ఏ హోటల్లోనైనా దొరికిద్ది. క్యారియర్లో పట్టంది పెడితేనే గదమ్మా వంటిల్లు ఉంచేది" అంది పెద్దమ్మ. అమ్మ తిరిగొచ్చి, "ఆమెకు చాదస్తం ముదిరింది" అంది. నాకు మాత్రం ఆమె చెప్పిందే సరైన లెక్క అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

సాగర్ నాటి బాతు పళ్ళెమే పెడతానంది. పొగబెట్టటం ఆమె నేర్చుకున్నది చూసి కాదు, వాసన గుర్తుపెట్టుకుని. అందుకని ముందు కోడి కాళ్ళతో చేసి చూసింది. మొదటిసారి వేపపుల్లలు వేస్తే కషాయంలా చేదెక్కింది. కాలనీ కుక్కకు వేస్తే అది వాసన చూసి, ఆమె మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. "దీనికున్న జ్ఞానం నాకు లేకపాయె" అంది. తర్వాత వరి ఊక, గుప్పెడు టీపొడి, బెల్లంముక్క, ఎండిన బత్తాయి తొక్కలు. ఖాళీ నూనె డబ్బా అడుగున నిప్పులు పరిచి, వాటి మీద ఇవి చల్లి, పైన జల్లెడ పెట్టి, దాని మీద మాంసం, ఆపైన మూత. మూత చుట్టూ తడిగుడ్డ. ముందు వచ్చే తెల్లటి దట్టమైన పొగను ఊరికే పోనిచ్చేది. అది పల్చబడి లేత నీలంగా మారాకే మాంసం పెట్టేది. నేను పక్కనే పీట మీద పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఇంటికి పోతే అమ్మ నా జడ వాసన చూసి, "ఏందే, బొగ్గుల బట్టీలో కూచోని వచ్చావా?" అనేది.

పెద్ద ఇంజనీరు శుక్రవారం సాయంత్రం వస్తాడన్నారు. కోతలైన మళ్ళలో దిగిన బాతుల వాళ్ళ దగ్గరికి పెద్దమ్మ తానే పోయి, రొమ్ము తడిమి చూసి ఒక బాతును తెచ్చుకుంది. కృష్ణ అవతలి తోటల నుంచి వచ్చిన బత్తాయిల్లో పల్చటి తొక్కవి ఏరింది. "కమలాలు మనకెక్కడియ్యి? మనకు బత్తాయే కమల." ఉప్పు, మిరియాలు, బత్తాయిరసం పట్టించి ఒక రాత్రంతా నానబెట్టి, శుక్రవారం మధ్యాహ్నం ఆవిరి మీద సగం ఉడికించి, పొగబెట్టింది. చివర్న పెనం మీద చర్మం వైపు వేసి, కొవ్వు కరిగి కరకరలాడేదాకా కాల్చింది. బత్తాయి తొనల పైపొర ఒక్కొక్కటే తీసింది. ఆ పొరలోనే చేదంతా ఉంటుందంది. రసంలో బెల్లం వేసి తీగపాకం వచ్చేదాకా మరిగించింది. మాట్లాడలేదు. చెమట పట్టిన మొహాన్ని భుజానికి రాసుకుంటూ పని చేసింది. ఆ రోజు ఆమె నాకు ఏదో పరీక్ష రాస్తున్న పిల్లలా కనిపించింది.

పొద్దుగూకే వేళకు జీపు రాలేదు. అటెండరు సైకిలు మీద వచ్చాడు. "అయ్యగారు మాచర్లలో ఆగిపోయారు. రేపు పొద్దున్నే వస్తారు."

నేను ఆమె మొహం చూశాను. "రేపు శనివారం గదా పెద్దమ్మా" అన్నాను మెల్లగా.

"అంత పెద్ద ఆఫీసర్లు అయ్యన్నీ పాటించరులే" అంది. మాంసాన్ని తడిగుడ్డలో చుట్టి ఉట్టి మీద పెట్టింది. గుడ్డ చెదరకపోయినా రెండుసార్లు సర్దింది.

పాటించేవాడే. మర్నాడు జీపు ఆగకముందే అటెండరు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, అయ్యగారు శనివారం నీచు ముట్టరని, పప్పూ కూరా చెయ్యమని చెప్పాడట. "కోడిగుడ్డన్నా?" అని అడిగిందట. "ఊహూ" అన్నాడట. ఆమె కందిపప్పు, వంకాయకూర, చారు చేసింది. అయినా ఊరుకోలేక, ఉన్న బత్తాయి తొనల మీద మిరియాలపొడి చల్లి, వాటినే ముందు పళ్ళెంగా పెట్టింది. పళ్ళెం తిప్పి, పగిలిన అంచు తనవైపు ఉంచుకుంది. ఆయన దాన్ని చూసి, "పళ్ళు భోంచేశాక తింటాలే, అటు పెట్టమ్మా" అన్నాడు. భోంచేశాక ఒక తొన నోట్లో వేసుకుని, "వీటి మీద మిరియాలెందుకు చల్లారు?" అని నవ్వాడు. చెడ్డమనిషేం కాదు. చెయ్యి కడుక్కుంటూ "భోజనం బాగుందమ్మా" అని కూడా అన్నాడు.

జీపు దగ్గర నిలబడి మా నాన్నతో అన్నది వేరు. నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ చెప్పాడు. "వంట మామూలే. క్యారియర్ తెప్పించుకున్నా ఇంతే గదా అన్నాడాయన. నేనేం చెప్పను? పప్పూ వంకాయకూరేనాయె."

ఆ సాయంత్రం బీరువా తాళం తిరిగి ఇచ్చే వంకతో బంగళాకు పోయాను. వరండాలో ఎవరూ లేరు. భోజనాల గదిలో బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఆమె ఆదివారం తెల్లచీర కట్టుకుని ఉంది. నన్ను చూసి, పెద్ద ఇంజనీరు కూర్చున్న కుర్చీని వెనక్కి లాగింది.

"కూర్చో."

"ఇవాళ శనివారం పెద్దమ్మా."

"నాకు తెలుసు. నిన్ను తినమనట్లా. కూర్చోమంటన్నా."

కూర్చున్నాను. ఆ కుర్చీకి చేతులున్నాయి. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె వంటింట్లోకి పోయి పళ్ళెం తెచ్చింది. పల్చటి ముక్కలు, అంచున గోధుమరంగు చర్మం, మధ్యలో ఎర్రటి తేనెరంగు. ఒక ముక్క, ఒక తొన, ఒక ముక్క, ఒక తొన, గుండ్రంగా. నడుమ ఒక పుదీనా ఆకు. పైన సన్నటి తీగలా పాకం. నా ముందు పెట్టి, మునివేళ్ళతో తిప్పింది. పగిలిన అంచు ఆమెవైపుకు పోయింది. నావైపు పళ్ళెం నిండుగా, కొత్తదానిలా ఉంది.

నాకు వడ్డించి ఎవరూ ఎప్పుడూ అలా పళ్ళెం తిప్పలేదు.

ఒక ముక్కనూ ఒక తొననూ కలిపి తీసుకున్నాను. ముందు పొగ వచ్చింది, గడ్డివాము దగ్గర దూరంగా మంట వేసినట్టు. తర్వాత ఉప్పు, కొవ్వు, మిరియం. అంతలో బత్తాయి చిట్లి అన్నిటినీ చల్లగా కడిగేసింది. నోరు ఖాళీ అయ్యాక మళ్ళీ కొంచెం పొగ మిగిలింది. ఇవన్నీ ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు ఇంకో ముక్క తీసుకోవటమే తెలిసింది.

ఆమె బల్ల అవతల నిలబడి, నా నోటివైపు కాకుండా నా చేతివైపు చూస్తోంది.

"నువ్వూ కూర్చో పెద్దమ్మా."

"నేను కూర్చుంటే నీకెవరు పెడతారు?"

పళ్ళెం ఖాళీ అయింది. బాగుందని అనకూడదని నాకు తెలుసు. ఏ ఇంట్లోనూ, మా ఇంట్లో కూడా, మారు అడిగిన అలవాటు లేదు నాకు.

"ఇంకొంచెం పెట్టు పెద్దమ్మా."

ఆమె పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోయింది. తలుపు సందులోంచి చూశాను. అటు తిరిగి నిలబడి, మిగిలిన ముక్కల్లోంచి ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. తిరిగి వచ్చినప్పుడు పళ్ళెం మళ్ళీ నిండుగా ఉంది. "నిజమే" అంది, నాతో కాదు.

నెల తిరక్కుండా వంటింటికి తాళం పడింది. ఆమె వెళ్ళేరోజు నేను కాలవ వంతెన దగ్గర బస్సాగే చోటికి పోయాను. ఒక ట్రంకుపెట్టె, ఒక మూట. సత్తెనపల్లిలో చెల్లెలి కూతురు మంచిదేనని, వంటింట్లోకి మాత్రం ఎవర్నీ రానివ్వదని చెప్పింది. "కూచోబెట్టి పెట్టిద్దంట నాకు. ఎట్టా కూచోవాలో ఏందో" అంది. చలిగాలికి చెంగు తలమీదుగా కప్పుకుంది. నాకు చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. కాలవలో నీళ్ళు చూస్తూ నిలబడ్డాను. ఆమె కూడా వాటినే చూసింది.

బస్సొచ్చింది. కండక్టరు పెట్టె పైకి వేశాడు. ఆమె మూట చంకన పెట్టుకుని మెట్టెక్కింది. బస్సు కదులుతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి నా కోసం వెతికింది. నేను అక్కడే ఉన్నాను.

"తల్లీ, ఒక్కదానివే ఉన్నా సరే, కూచోని తిను. నిలబడి తినమాక."